రహస్యం ఎవరి హక్కు? గ్రాండ్ జ్యూరీ పత్రాలను కోర్టులు ఎప్పుడు తెరవాలి?

(మైనారిటీ హక్కుల కార్యకర్తల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సభకు మేము ఎంచుకున్న విషయం మొదటి చూపులో మనకు దూరమైనదిగా తోచవచ్చు. అమెరికాలో గ్రాండ్ జ్యూరీ అనే వ్యవస్థ ఉంది. దాని విచారణ మూసిన తలుపుల వెనుక జరుగుతుంది. అక్కడ నమోదైన వాంగ్మూలాలు ముద్ర వేసి భద్రపరచబడతాయి. ఆ ముద్రను న్యాయస్థానం ఎప్పుడు విప్పాలి? ఈ ప్రశ్నపై అక్కడి కోర్టులు దశాబ్దాలుగా పరస్పర విరుద్ధమైన తీర్పులు ఇస్తున్నాయి.

దీనిని ఇక్కడ చర్చించడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మన కుటుంబాల బిడ్డలు ఎందరో చదువుకు, ఉద్యోగానికి ఆ దేశంలో ఉన్నారు. 2001 తరువాత అక్కడి ముస్లిములపై ఈ రహస్య విచారణ ఎంత బరువుగా పడిందో వారి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. రెండవది, అధికారుల చేతిలోని రహస్యం ఎవరి కోసం ఉంది, ఎంతకాలం ఉండాలి అన్న ప్రశ్న ఏ దేశంలోనైనా అల్పసంఖ్యాకులకు ప్రాణప్రదమైనది. గ్రాండ్ జ్యూరీ చరిత్ర ఆ ప్రశ్నను మిక్కిలి స్పష్టంగా మన ముందుంచుతుంది.

గ్రాండ్ జ్యూరీ అంటే ఏమిటి?

అమెరికా రాజ్యాంగపు ఐదవ సవరణ ప్రకారం, తీవ్రమైన నేరాలలో గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపనిదే ఫెడరల్ ప్రభుత్వం ఎవరినీ విచారణకు నిలబెట్టరాదు. 16 నుండి 23 మంది సామాన్య పౌరులు ఆ జ్యూరీలో ఉంటారు. వారిలో కనీసం 12 మంది అంగీకరిస్తేనే అభియోగం నిలుస్తుంది. రాజు తన అధికారంతో అమాయకులను వేధించకుండా పౌరులు అడ్డు నిలవాలన్నది ఈ ఏర్పాటు వెనుకనున్న ఆశయం. ఇది ఇంగ్లండులో పుట్టింది. అక్కడ 1933 నాటికే దాదాపు కనుమరుగైంది. బ్రిటిష్ పాలనలో మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలలో కూడా గ్రాండ్ జ్యూరీలు ఉండేవి. పందొమ్మిదవ శతాబ్దంలోనే వాటిని రద్దు చేశారు. అమెరికాలో మాత్రం ఆ వ్యవస్థ నేటికీ బలంగా కొనసాగుతున్నది.

ఆ గదిలో ఎవరుంటారో గమనించండి. న్యాయమూర్తి ఉండరు. నిందితుని న్యాయవాది ఉండరు. సాక్షి తన వెంట న్యాయవాదిని లోపలికి తీసుకుపోలేడు. సందేహం వస్తే బయటకు వచ్చి సలహా అడిగి మళ్ళీ లోపలికి వెళ్ళాలి. జ్యూరీ సభ్యుల ఎదుట సాక్ష్యాన్ని నడిపించేది ప్రాసిక్యూటర్ ఒక్కరే. నిందితునికి అనుకూలమైన సాక్ష్యాన్ని జ్యూరీకి చూపవలసిన బాధ్యత ప్రాసిక్యూటర్‌కు లేదని 1992లో విలియమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే, అధికారాన్ని అడ్డుకోవడానికి పుట్టిన వ్యవస్థ ఆచరణలో అధికారి చేతి పనిముట్టుగా మారే ప్రమాదం నిత్యం ఉంది. ఆ మార్పు ఏ కేసులో జరిగిందో, ఏ కేసులో జరగలేదో తెలుసుకోవాలంటే ఆ పత్రాలను చూడక తప్పదు.

రహస్యానికి ఉన్న సత్కారణాలు

రహస్యమంతా దుష్టమైనదని మేము అనడం లేదు. 1979లో డగ్లస్ ఆయిల్ కేసులో సుప్రీంకోర్టు ఈ గోప్యతకు ఐదు కారణాలు చెప్పింది. తమ పేర్లు బయటపడతాయంటే సాక్షులు ముందుకు రారు. వచ్చినవారు నిండు మనసుతో చెప్పరు. వారిని బెదిరించడానికో, ప్రలోభపెట్టడానికో ప్రయత్నాలు జరుగుతాయి. అభియోగం రాబోతున్నదని తెలిసినవారు పారిపోతారు. జ్యూరీ సభ్యులపై ఒత్తిడి పెరుగుతుంది. చివరిది అన్నింటికంటె ముఖ్యమైనది: విచారించి, నేరం లేదని వదిలేసిన వ్యక్తి లోకం ముందు అవమానం పాలుకాకూడదు.

ఈ ఐదవ కారణం విలువ మన సమాజానికి తెలిసినంతగా మరెవరికి తెలుసు? 2007లో మక్కా మసీదు పేలుడు తరువాత హైదరాబాదులో ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. కోర్టులు తీర్పు చెప్పకముందే వారి పేర్లు, ముఖాలు ఉగ్రవాదుల పేరిట ప్రచారంలోకి వచ్చాయి. నిర్దోషులని తేలిన తరువాత ప్రభుత్వమే వారికి సచ్ఛీలత పత్రాలు ఇవ్వవలసి వచ్చింది. దర్యాప్తు సమయంలో గోప్యత పాటించి ఉంటే ఎన్ని సంబంధాలు నిలిచేవి, ఎన్ని ఉద్యోగాలు మిగిలేవి! కనుక "అన్నింటినీ తెరిచి పెట్టండి" అన్న నినాదం మనది కాకూడదు.

అయితే పై ఐదు కారణాలను మరొకసారి చూడండి. అవన్నీ సాక్షినీ, అభియోగం పడని మనిషినీ, జ్యూరీ సభ్యుణ్ణీ, నడుస్తున్న దర్యాప్తునూ కాపాడేవే. ప్రాసిక్యూటర్ ప్రతిష్ఠను గానీ, ప్రభుత్వం పొరపాటును గానీ కాపాడే కారణం వాటిలో ఒక్కటీ లేదు. జ్యూరీ పని ముగిసిన తరువాత గోప్యత అవసరం తగ్గుతుందనీ, అయితే పూర్తిగా మాసిపోదనీ అదే తీర్పు చెప్పింది. మా వాదమంతా ఈ మాట మీదనే నిలుస్తుంది. రహస్యం సాక్షికీ, నిర్దోషికీ చెందిన హక్కు. అది అధికారి హక్కు కాదు.

మూర్స్ ఫోర్డ్ వంతెన దగ్గర

1946 జూలై 25. జార్జియా రాష్ట్రం, వాల్టన్ కౌంటీ. అపలాచీ నదిపై ఉన్న మూర్స్ ఫోర్డ్ వంతెన దగ్గర తెల్లవారి మూక ఒక కారును ఆపి, నలుగురు నల్లజాతీయులను బయటకు లాగి కాల్చి చంపింది. చనిపోయినవారు రెండు జంటలు: జార్జ్ డోర్సీ, ఆయన భార్య మే, రోజర్ మాల్కం, ఆయన భార్య డొరతీ. జార్జ్ డోర్సీ రెండవ ప్రపంచయుద్ధంలో తన దేశం తరఫున సైన్యంలో పనిచేసి తిరిగివచ్చినవాడు.

దేశమంతా అట్టుడికింది. అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశంపై ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. అదే సంవత్సరం డిసెంబరులో ఏథెన్స్ పట్టణంలో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ 16 రోజులపాటు కూర్చుని వందమందికి పైగా సాక్షులను విన్నది. హత్యలకు సంబంధించి ఒక్కరిపై కూడా అభియోగం మోపలేదు. ఆ నాలుగు ప్రాణాలకు నేటివరకు ఎవ్వరూ శిక్ష అనుభవించలేదు.

ఆ 16 రోజులు గదిలో ఏం జరిగింది? సాక్షులు భయంతో నోరు విప్పలేదా? విప్పినా జ్యూరీ వినలేదా? ప్రాసిక్యూటర్ అడగవలసిన ప్రశ్నలు అడిగాడా? ఆంథొనీ పిచ్ అనే చరిత్రకారుడు ఈ ప్రశ్నలతో కోర్టుకెక్కాడు. 2017లో జిల్లా న్యాయమూర్తి ఆ పత్రాలను తెరవమని ఆదేశించారు. 2019 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టులోని ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దానిని సమర్థించింది. ఆ తరువాత పిచ్ కన్నుమూశాడు. 2020 మార్చిలో అదే కోర్టు పూర్తి ధర్మాసనంగా కూర్చుని తీర్పును తిరగవేసింది. నియమావళిలో రాసి ఉన్న మినహాయింపులు తప్ప, చారిత్రక ప్రాముఖ్యం అన్న కారణంతో ముద్ర విప్పే అధికారం న్యాయమూర్తులకు లేదన్నది ఆ తీర్పు సారాంశం. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

సోదరులారా, 70 సంవత్సరాలు దాటిన ఈ పత్రాలలో గోప్యతకు గల ఐదు కారణాలలో ఏది మిగిలి ఉంది? పారిపోయేవాడు లేడు. ప్రభావితం కావలసిన జ్యూరీ లేదు. సాక్షులలో అత్యధికులు కాలం చేసి ఉంటారు. మిగిలింది ఒక్కటే: నాడు ప్రభుత్వ యంత్రాంగం తన విధిని నిర్వర్తించిందా లేదా అన్న ప్రశ్న. దానికి జవాబు తెలుసుకునే హక్కు ఆ కుటుంబాలది.

కోర్టుల మధ్య చీలిక

ఈ వివాదానికి మూలం ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్ నియమావళిలోని ఆరవ నియమం. గ్రాండ్ జ్యూరీ విషయాలను ఎవరు బయటపెట్టకూడదో అది చెబుతుంది. మరొక న్యాయవిచారణకు అవసరమైనప్పుడు, అభియోగాన్ని కొట్టివేయడానికి తగిన ఆధారం ఉండవచ్చునని నిందితుడు చూపినప్పుడు, ఇలా కొన్ని మినహాయింపులను ఇస్తుంది. చరిత్ర కోసం, ప్రజాహితం కోసం తెరవవచ్చునన్న మాట అందులో లేదు. ఆ మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నదే చీలిక.

న్యూయార్క్ ప్రాంతపు రెండవ సర్క్యూట్ అప్పీలు కోర్టు 1997లో క్రెయిగ్ కేసులో ఉదారమైన దారి చూపింది. అసాధారణ పరిస్థితులలో ముద్ర విప్పే స్వతస్సిద్ధ అధికారం న్యాయమూర్తికి ఉందన్నది. అడుగుతున్నది ఎవరు, ఎందుకు, ఏ భాగం, ఎంతకాలం గడిచింది, సాక్షులు జీవించి ఉన్నారా, సంబంధితుల కుటుంబాల స్థితి ఏమిటి, ఇప్పటికే ఎంత బయటపడింది, ప్రభుత్వం వ్యతిరేకిస్తున్నదా వంటి అంశాలను తూచి చూడమన్నది. విశేషమేమిటంటే, ఈ సూత్రాన్ని సాధించిన ఆ పరిశోధకునికే పత్రాలు దక్కలేదు. తలుపు ఉందని చెప్పిన కోర్టు దానిని అందరికీ బార్లా తెరవలేదు. చికాగోలోని ఏడవ సర్క్యూట్ కూడా 2016లో ఇదే దారిన నడిచింది. వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ 2019లో, పదకొండవ సర్క్యూట్ 2020లో, బోస్టన్‌లోని మొదటి సర్క్యూట్ 2022లో ఈ దారిని మూసివేశాయి.

డీసీ సర్క్యూట్ తీర్పుపై వచ్చిన అర్జీని 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్వీకరించలేదు. ఇది ముఖ్యమైన ప్రశ్న అనీ, నియమాలు రూపొందించే సంఘం దీనిని పరిశీలించాలనీ జస్టిస్ బ్రెయర్ విడిగా రాశారు. దశాబ్దాలు గడిచిన చారిత్రక పత్రాలకు మినహాయింపు ఇవ్వాలని 2011లోనే న్యాయశాఖ అధిపతి ఎరిక్ హోల్డర్ ప్రతిపాదించారు. సంఘం ఆ సవరణను చేపట్టలేదు. ఫలితంగా, ఒకే దేశంలో ఒకే రకమైన అర్జీకి న్యూయార్క్‌లో ఒక జవాబు, అట్లాంటాలో మరొక జవాబు వస్తున్నది. బాధితుడు ఏ నది ఒడ్డున చనిపోయాడన్నదాన్ని బట్టి సత్యం తెలిసే హక్కు మారడం న్యాయం కాదు.

తెరిచినప్పుడు ఏం తెలిసింది?

ముద్ర విప్పితే వ్యవస్థ కూలిపోతుందని భయపెట్టేవారికి రోజెన్‌బర్గ్ దంపతుల కేసు సమాధానం. సోవియట్ యూనియన్‌కు అణురహస్యాలు చేరవేశారన్న ఆరోపణపై జూలియస్, ఎథెల్ రోజెన్‌బర్గ్‌లను 1953 జూన్ 19న విద్యుత్ కుర్చీలో చంపారు. ఎథెల్‌కు వ్యతిరేకంగా ప్రధాన సాక్ష్యం ఆమె సొంత తమ్ముడు డేవిడ్ గ్రీన్‌గ్లాస్, అతని భార్య రూత్ ఇచ్చినదే. రహస్య సమాచారాన్ని ఎథెల్ టైపు చేసిందని వారు బహిరంగ విచారణలో చెప్పారు.

2008లో చరిత్రకారుల అభ్యర్థనపై న్యూయార్క్ జిల్లా న్యాయమూర్తి హెల్లర్‌స్టైన్ ఆ గ్రాండ్ జ్యూరీ పత్రాలను తెరిపించారు. తెరిపించిన తీరు చూడండి. మరణించిన సాక్షుల వాంగ్మూలాలు, అంగీకరించినవారి వాంగ్మూలాలు మాత్రమే తెరిచారు. అప్పటికి జీవించి ఉన్న డేవిడ్ గ్రీన్‌గ్లాస్ అభ్యంతరం చెప్పగా అతని వాంగ్మూలాన్ని ముట్టుకోలేదు. 2014లో అతడు మరణించాడు. 2015లో ఆ ముద్ర కూడా విప్పారు.

బయటపడినదేమిటి? ఎథెల్ టైపు చేసిందన్న మాట రూత్ గ్రాండ్ జ్యూరీ ముందు ఇచ్చిన వాంగ్మూలంలో లేదు. ఈ విషయాల గురించి తాను అక్కతో మాట్లాడనేలేదని డేవిడ్ గ్రాండ్ జ్యూరీకి చెప్పాడు. ఒక స్త్రీ ప్రాణం తీసిన సాక్ష్యం నడుమదారిలో పెరిగి పెద్దదైందని అర్ధశతాబ్దం దాటిన తరువాత గానీ లోకానికి తెలియలేదు. జూలియస్ గూఢచర్యం సంగతి వేరు. దానికి ఇతర ఆధారాలు వెలుగులోకి వచ్చాయి. కానీ ఎథెల్‌ను విద్యుత్ కుర్చీకి పంపిన సాక్ష్యం ఎంత బలహీనమో ఆ కాగితాలే చెప్పాయి. వాటిని తెరిచినందువల్ల గ్రాండ్ జ్యూరీ వ్యవస్థకు ఏ ప్రమాదమూ రాలేదు.

పోలీసుల చేతిలో మరణించినవారి కేసులలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. 2014లో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ మరణంపై గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపలేదు. పత్రాలు తెరవడానికి రాష్ట్ర కోర్టులు నిరాకరించాయి. 2020లో లూయీవిల్‌లో బ్రియానా టేలర్‌ను ఆమె ఇంట్లోనే పోలీసులు కాల్చి చంపారు. పొరుగింటివారిని ప్రమాదంలోకి నెట్టినందుకు ఒక్క అధికారిపై అభియోగం వచ్చింది తప్ప, ఆమె మరణానికి కాదు. నిర్ణయం జ్యూరీదేనని ప్రజలు అనుకున్నారు. మాట్లాడేందుకు ఒక జ్యూరీ సభ్యుడు కోర్టు అనుమతి పొందిన తరువాత అసలు సంగతి తెలిసింది: హత్యాభియోగాలను పరిశీలించమని తమను అడగనేలేదని సభ్యులు చెప్పారు. రహస్యం కొనసాగి ఉంటే, ప్రాసిక్యూషన్ తీసుకున్న నిర్ణయపు భారాన్ని ఆ పన్నెండు మంది పౌరులు జీవితాంతం మోసేవారు.

ముస్లిముల అనుభవం

2001 సెప్టెంబరు తరువాత గ్రాండ్ జ్యూరీ అమెరికన్ ముస్లిముల జీవితాలలోకి రెండు దారుల్లో ప్రవేశించింది.

మొదటిది ముఖ్యసాక్షి పేరిట నిర్బంధం. నేరం మోపకుండానే, గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం కోసం అవసరమంటూ మనుషులను జైలులో ఉంచారు. ఇలా నిర్బంధించిన 70 మంది వివరాలను హ్యూమన్ రైట్స్ వాచ్ 2005లో ప్రచురించింది. వారిలో ఒక్కరు తప్ప అందరూ ముస్లిములే. దాదాపు సగం మందిని సాక్ష్యానికి పిలవనేలేదు. సాక్షిని కాపాడవలసిన గోప్యత ఇక్కడ సాక్షి జైలులో ఉన్న సంగతినే దాచింది. మన హైదరాబాదుకు చెందిన ఇద్దరు యువకులను 2001 సెప్టెంబరు 12న టెక్సాస్‌లో రైలు నుండి దింపి పట్టుకున్నారు. న్యూయార్క్‌కు తరలించి నెలల తరబడి ఒంటరి నిర్బంధంలో ఉంచారు. ఉగ్రవాద అభియోగం వారిపై ఎన్నడూ రాలేదు. చివరకు క్రెడిట్ కార్డు మోసం కేసు పెట్టి, శిక్ష ముగిశాక దేశం నుండి పంపివేశారు. ఇక్కడ వారి ఇళ్ళలో ఆ నెలలు ఎలా గడిచి ఉంటాయో ఈ సభలోని తల్లులకు మేము చెప్పనవసరం లేదు.

రెండవది ధిక్కార శిక్ష. ఫ్లోరిడాలో ఆచార్యుడైన పాలస్తీనీయుడు సామీ అల్ అరియాన్‌ను 2005లో జ్యూరీ అనేక అభియోగాలలో నిర్దోషిగా ప్రకటించింది. మిగిలిన వాటిపై ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ తరువాత ఆయనను వర్జీనియాలోని గ్రాండ్ జ్యూరీ ముందుకు పిలిచారు. సాక్ష్యం చెప్పడానికి నిరాకరించినందుకు ఏడాదికి పైగా కోర్టు ధిక్కారం కింద జైలులో ఉంచారు. అబ్దుల్ హలీం అష్కర్‌ది మరొక ఉదాహరణ. 2007లో చికాగోలో ప్రధాన ఆరోపణ నుండి విముక్తుడైనా, గ్రాండ్ జ్యూరీకి సాక్ష్యం ఇవ్వనందుకు ఆయనకు 135 నెలల శిక్ష పడింది.

దీనికి తోడు, 2001 నాటి పేట్రియట్ చట్టం గ్రాండ్ జ్యూరీ నియమాన్నే సవరించింది. విదేశీ గూఢచర్యానికి సంబంధించిన వాంగ్మూలాలను కోర్టు ముందస్తు అనుమతి లేకుండానే గూఢచార, వలస, రక్షణ శాఖల అధికారులతో పంచుకునే వీలు కల్పించింది. ఇందులోని వైపరీత్యాన్ని గమనించండి. 1946లో చంపబడినవారి వారసులకు తెరవరాని తలుపు, ప్రభుత్వ శాఖలకు మాత్రం తెరిచే ఉంది. అప్పుడిక ఆ రహస్యం ఎవరి నుండి? ప్రజల నుండి మాత్రమే.

మన బిడ్డలు అక్కడ ఉన్న కుటుంబాలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫెడరల్ నియమం గోప్యతా బాధ్యతను జ్యూరీ సభ్యులపై, ప్రాసిక్యూటర్లపై, కోర్టు సిబ్బందిపై ఉంచింది, సాక్షిపై ఉంచలేదు. తన వాంగ్మూలం గురించి సాక్షి మాట్లాడకుండా శాశ్వతంగా నిషేధించిన ఫ్లోరిడా చట్టాన్ని 1990లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రాష్ట్రాల నియమాలు వేర్వేరుగా ఉంటాయి కనుక పిలుపు అందిన వెంటనే న్యాయవాదిని కలవాలి. తనను తాను నేరంలో ఇరికించుకునే మాట చెప్పకుండా ఉండే హక్కు గ్రాండ్ జ్యూరీ ముందు కూడా ఉంటుంది. అబద్ధం చెప్పడం మాత్రం దానికదే పెద్ద నేరమవుతుంది.

తెరవడం కూడా తంతు కావచ్చు

ఇటీవలి ఉదాహరణ ఒకటి మనకు హెచ్చరిక. జెఫ్రీ ఎప్‌స్టీన్ లైంగిక నేరాల కేసులో గ్రాండ్ జ్యూరీ పత్రాలు తెరవమని 2025 జూలైలో అమెరికా ప్రభుత్వమే కోర్టులను కోరింది. ఫ్లోరిడా న్యాయమూర్తి మూర్స్ ఫోర్డ్ తీర్పుకు కట్టుబడి నిరాకరించారు. న్యూయార్క్‌లోని ఇద్దరు న్యాయమూర్తులు కూడా నిరాకరించారు. ఎప్‌స్టీన్ కేసులోని వాంగ్మూలం సుమారు 70 పేజీలే అనీ, ప్రభుత్వం దగ్గరనే లక్ష పేజీల వరకు సమాచారం ఉందనీ వారిలో ఒకరు గుర్తు చేశారు. తన బీరువాలోనిది దాచుకొని, కోర్టు బీరువా తెరవమని అడగడం పారదర్శకత అనిపించుకోదు. నవంబరులో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసిన తరువాత, డిసెంబరులో ఫ్లోరిడా, న్యూయార్క్ కోర్టులు అనుమతించాయి.

దీనినుండి రెండు పాఠాలు. తెరవమని అడుగుతున్నవారు ఎవరు, ఎందుకు అన్నది కోర్టు చూడవలసిందే. శాసనసభ స్పష్టంగా చట్టం చేస్తే కోర్టుల చీలిక దానంతటదే తొలగుతుంది. ప్రజల ఆగ్రహానికి గురైన ఒక ధనికుని కేసులో కొద్ది నెలలలో సాధ్యమైనది, నలుగురు పేద నల్లజాతీయుల కేసులో దశాబ్దాలు గడిచినా సాధ్యం కాలేదన్నది మరువరాదు.

మా ప్రమాణాలు

కనుక కోర్టులు ఎప్పుడు ముద్ర విప్పాలి? మేము ఐదు ప్రమాణాలు ప్రతిపాదిస్తున్నాము.

మొదటిది, జ్యూరీ పని ముగిసి, దర్యాప్తు ఆగిపోయి, కాలం గడిచిన చోట గోప్యత ఎందుకు కొనసాగాలో చూపే బాధ్యత దానిని కోరేవారిపై ఉండాలి. రెండవది, జీవించి ఉన్న సాక్షి మాటకూ, అభియోగం పడని మనిషి పరువుకూ మొదటి స్థానం ఇవ్వాలి. పేర్లు తొలగించి గానీ, రోజెన్‌బర్గ్ కేసులో వలె భాగాలు విడదీసి గానీ తెరవవచ్చు. మూడవది, నిందితులు పోలీసులో, ప్రభుత్వ అధికారులో అయినప్పుడు, ప్రాసిక్యూటర్ జ్యూరీ ముందు ఏ అభియోగాలు ఉంచాడు, ఏవి ఉంచలేదు అన్నది ప్రజలకు తెలియాలి. నాలుగవది, బాధిత కుటుంబానికీ, హింసకు గురైన సమాజానికీ అర్జీదారులుగా గుర్తింపు ఉండాలి. పెద్ద పత్రికలకూ, పేరున్న చరిత్రకారులకూ మాత్రమే ఆ తలుపు పరిమితం కారాదు. ఐదవది, ఈ అధికారం న్యాయమూర్తి ఇష్టాయిష్టాలపై కాక చట్టంపై నిలవాలి. పౌరహక్కుల కాలపు తేలని హత్యల పత్రాల కోసం అమెరికా కాంగ్రెస్ 2018లో ఒక చట్టం ఆమోదించింది. ఆ దారి మరింత విస్తరించాలి.

మన గడప దగ్గర

మన దేశంలో గ్రాండ్ జ్యూరీ లేదు. కానీ మూసిన కవరు ఉంది. 2022లో మలయాళ వార్తాచానల్ మీడియావన్ ప్రసారాలను భద్రతా కారణాల పేరిట ఆపివేశారు. ఆ కారణాలేమిటో చానల్‌కు చెప్పలేదు. సీల్డ్ కవరులో కోర్టుకు మాత్రం ఇచ్చారు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. దేశభద్రత అన్న మాట ఉచ్చరించినంత మాత్రాన సహజన్యాయ సూత్రాలు ఆవిరైపోవని స్పష్టం చేసింది.

మన తెలంగాణలో 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు పూలు చల్లినవారు ఉన్నారు. జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదికను సీల్డ్ కవరులోనే ఉంచాలని రాష్ట్ర ప్రభుత్వం తరఫున కోరగా, 2022 మే 20న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని కమిషన్ తేల్చిన సంగతి అందువల్లనే మనకు తెలిసింది.

1948 పోలీసు చర్య అనంతరం హైదరాబాదు సంస్థానంలో పర్యటించిన పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదిక సంగతి పెద్దలకు తెలిసినదే. 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు పోయాయని అది అంచనా వేసింది. అది దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. పూర్తి ప్రతి ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్‌లో చూడడానికి వీలైన నాటికి 2013 వచ్చింది. ఆ మరణాలను కళ్ళారా చూసినవారిలో ఎందరు అప్పటికి మిగిలి ఉన్నారు?

రహస్యానికి గడువు లేకపోతే ఇదే జరుగుతుంది. నిజం ఎప్పటికైనా బయటికి వస్తుంది గానీ, దానిని విని ఊరట పొందవలసినవారు అప్పటికి ఉండరు.

కార్యకర్తలకు మా విన్నపం ఇది. మీ జిల్లాలో జరిగిన ప్రతి కాల్పులు, ప్రతి అల్లరి, ప్రతి అక్రమ నిర్బంధంపై ఏ విచారణ సంఘం వేశారు, దాని నివేదిక ఎక్కడ ఉంది, సభ ముందు పెట్టారా లేదా అన్న పట్టిక తయారు చేయండి. సమాచార హక్కు చట్టం కింద అడగండి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. అడిగేటప్పుడు సాక్షుల పేర్లు, అమాయకుల పేర్లు తొలగించమని మీరే ముందుగా కోరండి. అప్పుడు గోప్యత పేరు చెప్పి నిరాకరించడానికి అధికారికి కారణం మిగలదు. పెద్దలు జీవించి ఉండగానే వారి మాటలను రాసి పెట్టండి. ముద్రలు విప్పే నాటికి సాక్ష్యం మన చేతిలో కూడా ఉండాలి.